ఎక్సెల్ మాక్రో ప్రతి వర్క్‌బుక్‌లోనూ పనిచేయాలంటే: పర్సనల్ వర్క్‌బుక్ నుంచి యాడ్-ఇన్ వరకు

ఎక్సెల్‌లో ఒక మాక్రోను, అంటే ఒక పనిని ఎక్సెల్ తనంతట తానే చేసేలా రాసిన ఆదేశాల వరుసను, ఏ వర్క్‌బుక్‌లో (ఎక్సెల్ ఫైల్‌లో) రాసి దాచామో అది ఆ వర్క్‌బుక్‌కే చెందుతుంది. ఆ ఫైల్ తెరిచి ఉన్నంతసేపు మిగతా ఫైళ్ల మీద కూడా దాన్ని నడపవచ్చు. ఫైల్‌ను మూయగానే మాక్రోల జాబితాలోంచి దాని పేరు మాయమవుతుంది. ఈ ఇబ్బందిని దాటడానికి చాలామంది ఒకే మాక్రోను జీతాల ఫైల్‌లో ఒకసారి, స్టాక్ ఫైల్‌లో ఒకసారి, బిల్లుల ఫైల్‌లో మరొకసారి అతికించుకుంటూ పోతారు. తరువాత ఎక్కడో ఒకచోట ఒక చిన్న దిద్దుబాటు చేస్తారు, మిగతా చోట్ల చేయడం మరిచిపోతారు, చివరకు వాటిలో ఏది సరైనదో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది.

దీనికి ఎక్సెల్‌లోనే రెండు మార్గాలు ఉన్నాయి. మీ ఒక్కరి వాడకం కోసమైతే పర్సనల్ మాక్రో వర్క్‌బుక్, నలుగురితో పంచుకోవలసిన మాక్రోలకూ సొంతంగా రాసుకున్న ఫంక్షన్లకూ యాడ్-ఇన్, అంటే ఎక్సెల్‌కు అదనంగా తగిలించే ఫైల్. మాక్రోను ఈ రెండింటిలో ఒకచోటికి చేర్చడం కొద్ది నిమిషాల పని. అయితే ఒక ఫైల్ కోసం రాసిన మాక్రోను అన్ని ఫైళ్లకూ పనికొచ్చేలా చేయడమంటే దాని చోటు మార్చడం ఒక్కటే కాదు, అది తన పాత ఫైల్ మీద పెట్టుకున్న నమ్మకాలన్నింటినీ తొలగించడం కూడా. మార్గదర్శక వ్యాసాలు ఎక్కువగా ఈ రెండో సంగతిని వదిలేస్తాయి కనుక ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ముందుగా చోటు సంగతి చూద్దాం.

పర్సనల్ మాక్రో వర్క్‌బుక్ అంటే ఏమిటి

ఎక్సెల్ ప్రారంభమైన ప్రతిసారీ ఎక్స్‌ఎల్‌స్టార్ట్ అనే ఫోల్డర్‌లోకి తొంగిచూసి, అందులో ఉన్న ఫైళ్లన్నింటినీ తనంతట తానే తెరుస్తుంది. ఆ ఫోల్డర్‌లో ఉండే పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనే ఫైలే పర్సనల్ మాక్రో వర్క్‌బుక్. అది కూడా మామూలు వర్క్‌బుక్కే, కాకపోతే దాని విండో కనిపించకుండా దాచి ఉంటుంది. ఎప్పుడూ తెరిచే ఉంటుంది కనుక అందులోని మాక్రోలు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. ఇందులో ఇంతకు మించిన రహస్యమేమీ లేదు. 2007కు ముందు ఎక్సెల్‌లో ఈ ఫైల్ పేరు పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్ అని ఉండేది. ఆ ఏడాది వచ్చిన వెర్షన్ మామూలు ఫైళ్లకు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అనీ, మాక్రోలున్న ఫైళ్లకు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ అనీ వేర్వేరు రకాలను తెచ్చింది.

ఈ విభజన వల్ల పర్సనల్ వర్క్‌బుక్‌కు ఇంకో ప్రయోజనం కలిగింది. మాక్రో మీ దగ్గరి దాపుడు ఫైల్‌లో ఉంటుంది కనుక మీరు పనిచేసే ఫైల్ మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గానే ఉండిపోతుంది. దాన్ని ఈమెయిల్‌లో పంపినప్పుడు అవతలివారికి మాక్రో హెచ్చరికలు కనిపించవు, ఆఫీసు మెయిల్ ఫిల్టర్లు అడ్డుపడవు.

మొదటిసారి ఆ ఫైల్‌ను పుట్టించడం

కొత్తగా పెట్టిన ఎక్సెల్‌లో ఈ ఫైల్ ఉండదు. ఒక మాక్రోను రికార్డ్ చేసి, దాన్ని పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌లో దాచమని చెప్పినప్పుడే ఎక్సెల్ దాన్ని తయారుచేస్తుంది. ఏదో ఒక ఉత్తుత్తి మాక్రోను రికార్డ్ చేయడం కంటే నిజంగా పనికొచ్చే దానితోనే మొదలుపెడదాం: ఎంచుకున్న అంకెలకు లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టే మాక్రో. విండోస్‌లో ప్రాంతీయ సెట్టింగు ఇండియాకు ఉంటే ఎక్సెల్ కామాలను మన పద్ధతిలోనే చూపిస్తుంది. అమెరికా సెట్టింగుతో వచ్చిన కంప్యూటర్లలోనూ, విదేశాల్లో ఉంటూ ఇక్కడి లెక్కలు చూసేవారి దగ్గరా 12,34,567 కాస్తా 1,234,567గా కనిపిస్తుంది.

ముందుగా డెవలపర్ ట్యాబ్ కనిపించేలా చేసుకోండి. ఫైల్ మెనూలో ఆప్షన్స్‌కు వెళ్లి, కస్టమైజ్ రిబ్బన్ తెరిచి, కుడివైపు జాబితాలో డెవలపర్ పక్కన టిక్ పెట్టి ఓకే నొక్కితే సరిపోతుంది. ఆ తరువాతి అడుగులు ఇవి.

1. కొన్ని పెద్ద అంకెలున్న ఏదైనా షీట్ తెరిచి, ఆ గడులను ముందే ఎంచుకోండి. రికార్డింగ్ మొదలయ్యాక ఎంచుకుంటే ఆ గడుల చిరునామా కూడా మాక్రోలోకి ఎక్కి, అది ఎప్పుడు నడిపినా అవే గడుల మీదికి పోతుంది.

2. డెవలపర్ ట్యాబ్‌లో రికార్డ్ మాక్రో నొక్కండి. పేరు గడిలో లక్షఫార్మాట్ వంటి పేరును ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా రాయండి. పేరు అక్షరంతోనే మొదలవాలి. పదాలను విడదీయాలంటే అండర్‌స్కోర్ వాడవచ్చు.

3. స్టోర్ మాక్రో ఇన్ అనే చోట దిస్ వర్క్‌బుక్‌కు బదులు పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌ను ఎంచుకోండి. మొత్తం పని ఈ ఒక్క ఎంపిక మీదే ఆధారపడి ఉంది. షార్ట్‌కట్ గడిని ప్రస్తుతానికి ఖాళీగా వదిలి ఓకే నొక్కండి.

4. కంట్రోల్+1 నొక్కి, నంబర్ ట్యాబ్‌లో కస్టమ్ ఎంచుకుని, టైప్ గడిలో ఈ వరుసను రాయండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

5. ఓకే నొక్కి, డెవలపర్ ట్యాబ్‌లో స్టాప్ రికార్డింగ్ నొక్కండి.

ఆ ఫార్మాట్‌లో మూడు భాగాలున్నాయి. కోటి, అంతకు మించిన అంకెలకు మొదటిది, లక్ష నుంచి కోటి లోపు వాటికి రెండవది, మిగతా అన్నింటికీ మూడవది వర్తిస్తాయి. అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో మైనస్ అంకెలు మూడవ భాగంలోకే పడతాయి కనుక వాటికి మన పద్ధతి కామాలు రావు. నష్టాలు, బకాయిలు మైనస్‌లో చూపే షీట్లలో ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఎక్సెల్‌ను పూర్తిగా మూయండి. పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌లో చేసిన మార్పులను సేవ్ చేయాలా అని అడుగుతుంది. మీ ఫైల్ గురించి అడిగిన ప్రశ్నేమోనని పొరబడి డోంట్ సేవ్ నొక్కేవారు చాలామంది. అలా నొక్కితే ఇంతవరకూ చేసినదంతా పోతుంది. సేవ్ నొక్కండి. ఆ ప్రశ్న కోసం ఎదురుచూడకుండా ఉండాలంటే, ఆల్ట్+ఎఫ్11తో విజువల్ బేసిక్ ఎడిటర్ (మాక్రోల కోడ్‌ను చూసి దిద్దే విండో) తెరిచి, ఎడమవైపు జాబితాలో పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి ప్రాజెక్టును ఎంచుకుని కంట్రోల్+ఎస్ నొక్కితే అది అప్పుడే సేవ్ అవుతుంది. ఎడమవైపు జాబితా కనిపించకపోతే కంట్రోల్+ఆర్ నొక్కండి.

మళ్లీ ఎక్సెల్ తెరిచి, కొత్త వర్క్‌బుక్‌లో కొన్ని అంకెలు రాసి, వాటిని ఎంచుకుని ఆల్ట్+ఎఫ్8 నొక్కండి. జాబితాలో మాక్రో పేరుకు ముందు పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనీ, ఆశ్చర్యార్థకమూ కనిపించాలి. కనిపించకపోతే కిందనున్న మాక్రోస్ ఇన్ గడిలో ఆల్ ఓపెన్ వర్క్‌బుక్స్ ఉందో లేదో చూడండి.

ఇప్పటికే ఉన్న మాక్రోలను తరలించడం

పాత మాక్రోలున్న ఫైల్‌ను తెరిచి ఆల్ట్+ఎఫ్11 నొక్కండి. ఎడమవైపు జాబితాలో ఆ ఫైల్ కింద మాడ్యూల్స్ అనే ఫోల్డర్‌ను విప్పి, కావలసిన మాడ్యూల్‌ను (మాక్రోల కోడ్ ఉండే పుటను) మౌస్‌తో పట్టుకుని పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి ప్రాజెక్టు మీదికి లాగి వదలండి. ఇలా లాగినప్పుడు మాడ్యూల్ కాపీ అవుతుంది, పాత చోటు నుంచి తొలగిపోదు. కొత్తది సరిగా పనిచేస్తున్నదని నిర్ధారించుకున్నాక పాత కాపీని మీరే తొలగించాలి, లేకపోతే మొదట చెప్పిన రెండు కాపీల తికమక ఇక్కడే మళ్లీ మొదలవుతుంది. పాత ఫైల్‌లో ఆ మాక్రోకు ఏదైనా బటన్ కట్టి ఉంటే, దాని మీద కుడి క్లిక్ చేసి, అసైన్ మాక్రోలో పర్సనల్ వర్క్‌బుక్‌లోని కొత్త దాన్ని ఎంచుకోవాలి.

షీట్ పేర్ల కిందా దిస్‌వర్క్‌బుక్ అనే పేరు కిందా రాసిన కోడ్‌ను ఇలా లాగలేరు. ఫైల్ తెరిచినప్పుడో, గడి మారినప్పుడో తనంతట తాను నడిచే కోడ్ అది. ఆ ఒక్క ఫైల్‌కే, ఆ ఒక్క షీట్‌కే కట్టుబడి ఉంటుంది. దాన్ని అన్ని ఫైళ్లకూ వర్తింపజేయాలంటే క్లాస్ మాడ్యూల్‌లో అప్లికేషన్ స్థాయి ఈవెంట్లు రాయాలి. అది సాధ్యమే గాని, నా అభిప్రాయంలో తెరిచిన ప్రతి ఫైల్ మీదా అడగకుండా నడిచే మాక్రో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. మీట నొక్కినప్పుడే నడిచేలా ఉంచడం మంచిది.

ఏ ఫైల్‌కైనా సరిపోయేలా మాక్రోను దిద్దడం

తరలించిన మాక్రో మొదటిసారి నడిపినప్పుడు ఏమీ చేయనట్టు కనిపించిందంటే, తొంభై శాతం అనుమానం దిస్‌వర్క్‌బుక్ అనే మాట మీద పెట్టుకోవచ్చు. విజువల్ బేసిక్‌లో ఆ మాటకు అర్థం కోడ్ ఉన్న ఫైల్ అని. పాత ఫైల్‌లో ఉన్నప్పుడు అది ఆ ఫైల్‌నే సూచించింది కనుక సమస్య రాలేదు. పర్సనల్ వర్క్‌బుక్‌లోకి వచ్చాక అదే మాట దాచి ఉన్న పర్సనల్ వర్క్‌బుక్‌ను సూచిస్తుంది. మాక్రో బుద్ధిగా నడిచి, ఎవరికీ కనిపించని షీట్‌లో మార్పులు చేసి ముగుస్తుంది. కళ్లముందున్న ఫైల్ మీద పని జరగాలంటే ఆ చోట్లన్నింటా యాక్టివ్‌వర్క్‌బుక్ అని మార్చాలి. ఎడిటర్‌లో కంట్రోల్+ఎఫ్ నొక్కి మాడ్యూల్ అంతా వెతికి, ఒక్కొక్క చోటా అక్కడ ఏ ఫైల్ ఉద్దేశమో ఆలోచించి మార్చండి. అన్నింటినీ ఒక్కసారిగా రీప్లేస్ చేయవద్దు, ఎందుకంటే దిస్‌వర్క్‌బుక్ అనే మాటే సరైన చోటు ఒకటి ఉంది, దాని సంగతి తరువాతి భాగంలో వస్తుంది.

రెండవది పేర్లు. కోడ్‌లో ఏదైనా ఫైల్ పేరో, షీట్1 వంటి షీట్ పేరో కొటేషన్లలో కనిపిస్తే, ఆ పేరుగల షీట్ లేని ఫైల్‌లో మాక్రో సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్ అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆ ఎర్రర్ నంబరు 9. షీట్ పేరుకు బదులు యాక్టివ్‌షీట్ అని రాస్తే ఎదుట ఉన్న షీట్ మీద పని జరుగుతుంది.

మూడవది గడుల చిరునామాలు. ఏ2 నుంచి ఏ150 వరకు అని రాసిన మాక్రో నూట యాభై వరుసల ఫైల్‌కే సరిపోతుంది. అయిదు వందల వరుసలున్న ఫైల్‌లో మిగతా వరుసలను ముట్టుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఎర్రర్ ఇచ్చే తప్పు కంటే ఇలా నిశ్శబ్దంగా సగం పని చేసే తప్పు ప్రమాదకరం. చివరి వరుసను మాక్రోయే కనుక్కునేలా రాయాలి: షీట్ అట్టడుగు గడి నుంచి ఎండ్ అనే గుణాన్ని ఎక్స్‌ఎల్‌అప్ దిశలో వాడితే, డేటా ఉన్న ఆఖరి వరుస దొరుకుతుంది. అంతకంటే సులువు, వాడేవారు ముందుగా ఎంచుకున్న గడుల మీదే, అంటే సెలెక్షన్ మీదే మాక్రో పనిచేసేలా చేయడం. మన లక్షఫార్మాట్ అలాంటిదే. రికార్డర్ దానికి సెలెక్షన్.నంబర్‌ఫార్మాట్ అనే ఒకే వాక్యం రాసి ఉంటుంది. రికార్డింగ్ మధ్యలో గడి నుంచి గడికి కదలక తప్పని మాక్రోలైతే, రికార్డ్ మొదలుపెట్టే ముందు డెవలపర్ ట్యాబ్‌లో యూజ్ రిలేటివ్ రిఫరెన్సెస్ నొక్కండి; అప్పుడు రికార్డర్ గడుల చిరునామాలకు బదులు అప్పుడున్న గడి నుంచి ఎన్ని అడుగులు కదిలామన్నది రాసుకుంటుంది.

సెలెక్షన్ మీద ఆధారపడినప్పుడు ఒక కాపలా అవసరం. వాడేవారు గడులకు బదులు ఒక చార్ట్‌నో బొమ్మనో ఎంచుకుని మాక్రో నడిపితే అది ఎర్రర్‌తో ఆగుతుంది. మొదటి వాక్యంగా టైప్‌నేమ్ ఫంక్షన్‌తో సెలెక్షన్ రకాన్ని అడిగి, అది రేంజ్ కాకపోతే ఎగ్జిట్ సబ్‌తో వెనుదిరిగేలా రాయండి. కనిపించే ఫైల్ ఒక్కటీ తెరిచి లేనప్పుడు యాక్టివ్‌వర్క్‌బుక్ శూన్యంగా ఉంటుంది. అప్పుడు దాన్ని వాడే మాక్రో 91వ నంబరు ఎర్రర్ ఇస్తుంది. మామూలు ఫైల్‌లోని మాక్రోకు ఈ పరిస్థితి సాధారణంగా ఎదురుకాదు, ఎందుకంటే దాని ఫైల్ తెరిచే ఉంటుంది. అందువల్ల యాక్టివ్‌వర్క్‌బుక్ నథింగ్ అవునా కాదా అన్న పరీక్ష కూడా చేర్చండి.

ఇక అన్‌డూ. షీట్‌ను మార్చే మాక్రో నడిచాక ఎక్సెల్ అన్‌డూ జాబితా చెరిగిపోతుంది. మాక్రో చేసిన మార్పునే కాక, అంతకుముందు మీరు చేత్తో చేసిన మార్పులను కూడా కంట్రోల్+జెడ్‌తో వెనక్కి తీసుకోలేరు. ఒకే ఫైల్‌లో ఉండే మాక్రో గురించి ఇది చిన్న విషయం. ప్రతి ఫైల్‌లోనూ చేతికందే మాక్రో విషయంలో అలా కాదు, ఎందుకంటే పొరపాటున అది నడిచే ఫైల్ ఏడాది లెక్కలున్న ఫైల్ కావచ్చు. వరుసలు తొలగించే, డేటాను చెరిపే మాక్రోలలో యాక్టివ్‌వర్క్‌బుక్ పేరును చూపించి, కొనసాగించాలా అని అడిగే మెసేజ్ బాక్స్ పెట్టడం నేను తప్పనిసరి అంటాను. ఫార్మాటింగ్ మాత్రమే మార్చే వాటికి ఆ అడ్డు అక్కర్లేదు.

మాక్రోలో తెలుగు మాటలు కావాలంటే

విజువల్ బేసిక్ ఎడిటర్ యూనికోడ్ కాలానికి ముందటిది. ఎక్సెల్‌లోకి విజువల్ బేసిక్ 1993లో, ఎక్సెల్ 5తో వచ్చింది. ఆ ఎడిటర్ ఇప్పటికీ విండోస్ పాత కోడ్ పేజీ (అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టిక) మీదే ఆధారపడుతుంది. తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేదు కనుక, ఎడిటర్‌లో మొత్తం అనే మాటను అతికిస్తే సాధారణంగా ప్రశ్నార్థకాల వరుసే మిగులుతుంది. మెసేజ్ బాక్స్‌లోనూ తెలుగుకు అదే గతి పడుతుంది.

దీనికి ఒక దారి సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ అనే ఫంక్షన్. అక్షరం యూనికోడ్ సంఖ్యను ఇస్తే అది ఆ అక్షరాన్ని తిరిగి ఇస్తుంది. మొత్తం అనే మాటకు 3118, 3146, 3108, 3149, 3108, 3074 అనే ఆరు సంఖ్యలు వరుసగా ఇచ్చి కలపాలి. ఏ అక్షరం సంఖ్య ఎంతో తెలుసుకోవడానికి ఎక్సెల్ 2013 నుంచి ఉన్న యూనికోడ్ అనే వర్క్‌షీట్ ఫంక్షన్ ఉపయోగపడుతుంది. ఒకటి రెండు మాటలకు ఇది సరే గాని, పది శీర్షికలున్న నివేదికకు ఇలా రాయడం శిక్షే.

మెరుగైన దారి పర్సనల్ వర్క్‌బుక్‌లోని షీట్‌నే మాటల పట్టికగా వాడుకోవడం. వ్యూ ట్యాబ్‌లో అన్‌హైడ్ నొక్కి పర్సనల్ వర్క్‌బుక్‌ను బయటికి తెచ్చి, దాని మొదటి షీట్‌లో క్రమ సంఖ్య, పేరు, మొత్తం, బకాయి వంటి మాటలను ఏ1 నుంచి కిందికి ఒక్కొక్క గడిలో రాసుకోండి. గడులు యూనికోడ్‌ను చక్కగా దాచుకుంటాయి. తరువాత మాక్రోలో దిస్‌వర్క్‌బుక్ మొదటి షీట్‌లోని ఆ గడి విలువను తీసుకుని, యాక్టివ్‌షీట్‌లో కావలసిన గడికి ఇవ్వండి. దిస్‌వర్క్‌బుక్ అనే మాటే సరైన చోటు అని పైన అన్నది దీని గురించే. పని అయ్యాక వ్యూ ట్యాబ్‌లో హైడ్ నొక్కి, ఎక్సెల్ మూసేటప్పుడు సేవ్ చేయడం మరవద్దు. హైడ్ చేయకుండా సేవ్ చేస్తే, ఎక్సెల్ తెరిచిన ప్రతిసారీ పర్సనల్ వర్క్‌బుక్కే ఎదుట నిలబడుతుంది.

షార్ట్‌కట్, బటన్

ఆల్ట్+ఎఫ్8 జాబితాలో మాక్రోను ఎంచుకుని ఆప్షన్స్ నొక్కితే షార్ట్‌కట్ ఇవ్వవచ్చు. చిన్న అక్షరం రాస్తే కంట్రోల్‌తోనూ, షిఫ్ట్ పట్టుకుని పెద్ద అక్షరం రాస్తే కంట్రోల్+షిఫ్ట్‌తోనూ పనిచేస్తుంది. మాక్రో ఉన్న ఫైల్ తెరిచి ఉన్నంతసేపు ఆ షార్ట్‌కట్ ఎక్సెల్ సొంత షార్ట్‌కట్‌ను తోసిపుచ్చుతుంది, పర్సనల్ వర్క్‌బుక్ ఏమో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కంట్రోల్+సి ఇచ్చారంటే ఆ కంప్యూటర్‌లో ఎక్సెల్‌కు సంబంధించి ఆ కాపీ షార్ట్‌కట్‌కు నీళ్లు వదులుకున్నట్టే. కంట్రోల్+షిఫ్ట్‌తో మొదలయ్యేవే వాడండి; అందులోనూ ఫిల్టర్‌కు వాడే కంట్రోల్+షిఫ్ట్+ఎల్ వంటి వాటిని వదిలేయండి.

షార్ట్‌కట్లు నాలుగైదు దాటితే గుర్తుండవు, అప్పుడు బటన్లే నయం. ఫైల్, ఆప్షన్స్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌కు వెళ్లి, చూజ్ కమాండ్స్ ఫ్రమ్ గడిలో మాక్రోస్ ఎంచుకుంటే పర్సనల్ వర్క్‌బుక్‌లోని మాక్రోలు కనిపిస్తాయి. కావలసినదాన్ని యాడ్ చేసి, మాడిఫై నొక్కి బొమ్మనూ పేరునూ మార్చుకోండి. కుడివైపు పైన ఫర్ ఆల్ డాక్యుమెంట్స్ అని ఉండాలి. అక్కడ ఒక ఫైల్ పేరు ఉంటే బటన్ ఆ ఫైల్‌లోనే కనిపిస్తుంది. ఇలా పెట్టిన బటన్లకు వాటి వరుసను బట్టి ఆల్ట్+1, ఆల్ట్+2 వంటి మీటలు వాటంతట అవే వస్తాయి.

ఫంక్షన్లకు, బృందాలకు యాడ్-ఇన్

అంకెను అక్షరాలలో రాసే ఫంక్షన్ మన ఆఫీసుల్లో చాలామంది కోరుకునేది. చెక్కులకూ బిల్లులకూ రూపాయల మొత్తాన్ని మాటల్లో రాయాలి కదా. అలాంటి ఫంక్షన్‌ను పర్సనల్ వర్క్‌బుక్‌లో పెడితే పనిచేస్తుంది గాని, గడిలో ఫార్ములా రాసిన ప్రతిసారీ ఫంక్షన్ పేరుకు ముందు పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనీ ఆశ్చర్యార్థకమూ చేర్చాలి. యాడ్-ఇన్‌లో పెడితే ఆ తోక అక్కర్లేదు, సమ్ లాగే నేరుగా పేరు రాస్తే చాలు.

చేసే పద్ధతి ఇది. కొత్త వర్క్‌బుక్ తెరిచి, ఆల్ట్+ఎఫ్11తో ఎడిటర్‌కు వెళ్లి, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ చేర్చి, కోడ్‌ను అందులో పెట్టండి. మాక్రోలకు షార్ట్‌కట్లు ఇవ్వదలిస్తే ఇప్పుడే ఇవ్వండి. ఫైల్ మెనూ ఇన్ఫో పేజీలో టైటిల్ గడిని కూడా ఇప్పుడే నింపండి, యాడ్-ఇన్ల జాబితాలో కనిపించేది ఆ పేరే. తరువాత సేవ్ యాజ్‌లో ఫైల్ రకంగా ఎక్సెల్ యాడ్-ఇన్‌ను, అంటే ఎక్స్‌ఎల్‌ఏఎమ్ అన్నదాన్ని ఎంచుకోండి. ఎంచుకోగానే ఎక్సెల్ మిమ్మల్ని యాడ్‌ఇన్స్ అనే తన ఫోల్డర్‌కు తీసుకుపోతుంది; మీ ఒక్కరి కోసమైతే అక్కడే సేవ్ చేయండి. చివరగా డెవలపర్ ట్యాబ్‌లో ఎక్సెల్ యాడ్-ఇన్స్ నొక్కి, జాబితాలో దాని పక్కన టిక్ పెట్టండి. జాబితాలో లేకపోతే బ్రౌజ్ నొక్కి చూపించండి. ఆ టిక్ ఉన్నంతకాలం ఎక్సెల్ ప్రారంభమైనప్పుడల్లా యాడ్-ఇన్ తెరుచుకుంటుంది.

యాడ్-ఇన్‌లోని మాక్రోలు ఆల్ట్+ఎఫ్8 జాబితాలో కనిపించవు. ఇది లోపం కాదు, కావాలనే అలా చేశారు. పేరు తెలిస్తే అదే పెట్టెలో టైప్ చేసి రన్ నొక్కవచ్చు.

ఆఫీసులో పదిమందికీ ఒకే యాడ్-ఇన్ కావాలంటే దాన్ని అందరూ చేరగల నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉంచి, ఒక్కొక్కరి కంప్యూటర్‌లో బ్రౌజ్‌తో చూపించండి. దీన్ని మీ యాడ్‌ఇన్స్ ఫోల్డర్‌కు కాపీ చేయాలా అని ఎక్సెల్ అడిగితే నో చెప్పాలి; ఎస్ చెప్పినవారి దగ్గర పాత కాపీ నిలిచిపోయి, మీరు తరువాత చేసే దిద్దుబాట్లు వారికి చేరవు. నెట్‌వర్క్‌లోని ఫైల్‌కు రీడ్-ఓన్లీ గుణం పెట్టడం మంచిది, లేకపోతే ఎవరో ఒకరు దాన్ని తెరిచి ఉంచినందువల్ల కొత్త వెర్షన్‌ను దాని మీద పెట్టలేకపోతారు.

యాడ్-ఇన్ ఫంక్షన్లు వాడిన ఫైల్‌ను యాడ్-ఇన్ లేనివారికి పంపేటప్పుడు, ఆ గడులను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వ్యాల్యూస్‌గా అతికించి పంపండి. లేకపోతే అవతలి కంప్యూటర్‌లో లెక్క తిరిగి జరగగానే మొత్తం ఉండవలసిన చోట నేమ్ ఎర్రర్ కనిపిస్తుంది.

భద్రత

1996లో బయటపడిన లరూ అనే ఎక్సెల్ మాక్రో వైరస్ వ్యాపించిన తీరు ఈ సందర్భంలో తెలుసుకోదగినది. అది సోకిన ఫైల్‌ను తెరిస్తే, వైరస్ తన కాపీని స్టార్టప్ ఫోల్డర్‌లో పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌గా పెట్టుకునేది, ఆ తరువాత ఎక్సెల్ ఎప్పుడు తెరిచినా అది సిద్ధంగా ఉండి, తెరిచిన ఫైళ్లకు అంటుకునేది. మనం ఇంతవరకు వాడుకున్న సౌకర్యమే దానికీ ఉపయోగపడింది. ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్ ఇప్పటికీ ఎక్సెల్ ముందుగా నమ్మే చోట్లలో ఒకటి, అందుకే పర్సనల్ వర్క్‌బుక్ హెచ్చరికలేమీ లేకుండా తెరుచుకుంటుంది. కనుక ఎక్కడో దొరికిన కోడ్‌ను చదివి అర్థం చేసుకోకుండా అందులో అతికించవద్దు. ట్రస్ట్ సెంటర్‌లో మాక్రోలన్నింటినీ అనుమతించే సెట్టింగును పెట్టవలసిన అవసరం కూడా లేదు. నోటిఫికేషన్‌తో ఆపే మామూలు సెట్టింగులోనే పర్సనల్ వర్క్‌బుక్ పనిచేస్తుంది.

ఇంటర్నెట్ నుంచి దింపిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి అడ్డుకుంటోంది. సహోద్యోగి మెయిల్‌లో పంపిన యాడ్-ఇన్ టిక్ పెట్టినా పనిచేయకపోతే, ఎక్సెల్ మూసి, ఆ ఫైల్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అనే గడి ఉందేమో చూడండి. పంపినవారు తెలిసినవారే అని నిర్ధారణ అయితేనే దానికి టిక్ పెట్టండి.

పర్సనల్ వర్క్‌బుక్ కనిపించకుండా పోతే

ఎక్సెల్ హఠాత్తుగా మూతపడిన తరువాత మాక్రోలన్నీ మాయమైతే, చాలాసార్లు ఫైల్ పోయి ఉండదు, ఎక్సెల్ దాన్ని అనుమానించి పక్కన పెట్టి ఉంటుంది. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్ పేజీలో కిందనున్న మేనేజ్ గడిలో డిజేబుల్డ్ ఐటమ్స్ ఎంచుకుని గో నొక్కి, జాబితాలో దాన్ని ఎంచుకుని ఎనేబుల్ చేయండి. తరువాత ఎక్సెల్‌ను మూసి తెరవండి.

దాచిన వర్క్‌బుక్‌లోని మాక్రోను ఎడిట్ చేయలేరన్న సందేశం ఆల్ట్+ఎఫ్8 జాబితాలో ఎడిట్ నొక్కినప్పుడు వస్తుంది. అన్‌హైడ్ చేయమని అది చెబుతుంది గాని ఆ శ్రమ అక్కర్లేదు, ఆల్ట్+ఎఫ్11తో నేరుగా ఎడిటర్‌కు వెళితే అదే కోడ్‌ను దిద్దవచ్చు. ఫైల్ లాక్ అయి ఉందని చెబితే, ఎక్సెల్ రెండోసారి వేరుగా నడుస్తున్నదని అర్థం. రీడ్-ఓన్లీగా తెరిచి మాక్రోలు వాడుకోవచ్చు, మార్పులు మాత్రం మొదటి దానిలోనే చేయాలి.

కాపీ తీసుకోవడం, కొత్త కంప్యూటర్‌కు మారడం

కంప్యూటర్ మార్చినప్పుడు డాక్యుమెంట్లు కాపీ చేసుకుంటారు, ఈ ఫైల్‌ను మరచిపోతారు, ఎందుకంటే అది దాపుడు ఫోల్డర్‌లో ఉంటుంది. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, అందులో రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఎక్సెల్, ఆపైన ఎక్స్‌ఎల్‌స్టార్ట్ అనే వరుసలో వెళ్లాలి. యాప్‌డేటా కనిపించాలంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఐటమ్స్‌ను చూపించమనాలి. దారి వెతకడం కష్టమనిపిస్తే ఎడిటర్‌లో కంట్రోల్+జితో ఇమ్మీడియట్ విండో తెరిచి, ప్రశ్నార్థకం పెట్టి అప్లికేషన్.స్టార్టప్‌పాత్ అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ నొక్కితే పూర్తి చిరునామా వస్తుంది. ఎక్సెల్ మూసి ఉన్నప్పుడు పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బిని కాపీ చేసుకుని, కొత్త కంప్యూటర్‌లో అదే ఫోల్డర్‌లో పెడితే సరి. దీనితోపాటు ముఖ్యమైన మాడ్యూళ్లను ఎడిటర్‌లో కుడి క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ఫైల్‌తో బీఏఎస్ ఫైళ్లుగా కూడా దాచుకోండి. అవి మామూలు టెక్స్ట్ ఫైళ్లు కనుక వర్క్‌బుక్ పాడైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లోని బటన్లు ఈ ఫైళ్లతో రావు. వాటిని ఆప్షన్స్‌లో అదే పేజీ అడుగున ఉన్న ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్‌తో వేరుగా తీసుకోవాలి.

మాక్ ఎక్సెల్‌లోనూ పర్సనల్ మాక్రో వర్క్‌బుక్ ఉంది, రికార్డ్ చేసే తీరూ ఇదే. మాక్రో షార్ట్‌కట్లు మాత్రం ఆప్షన్+కమాండ్‌తో మొదలవుతాయి. బ్రౌజర్‌లో వాడే ఎక్సెల్ విజువల్ బేసిక్ మాక్రోలను నడపదు. లిబ్రేఆఫీస్ వాడేవారు టూల్స్ మెనూలోని మాక్రోస్‌లో, ఫైల్ పేరు కింద కాకుండా మై మాక్రోస్ కింద ఉన్న స్టాండర్డ్ లైబ్రరీలో దాచితే అవి అన్ని డాక్యుమెంట్లకూ అందుతాయి. గూగుల్ షీట్స్‌లో రికార్డ్ చేసిన మాక్రో ఆ ఒక్క షీట్‌కే కట్టుబడి ఉంటుంది. మరో షీట్‌లో కావాలంటే యాప్స్ స్క్రిప్ట్ ఎడిటర్ నుంచి కోడ్‌ను కాపీ చేసి, అక్కడి ఎడిటర్‌లో అతికించి, ఎక్స్‌టెన్షన్స్ మెనూలో ఇంపోర్ట్ మాక్రోతో చేర్చుకోవాలి.